వాడిన మాజ్దా ఆర్‌ఎక్స్-8: ధర ఎందుకంత తక్కువ, ఖర్చు ఎక్కడ దాగి ఉంటుంది

అమెరికాలో చదువు పూర్తి చేసి ఉద్యోగంలో చేరిన మన కుర్రాళ్ళు పాత కార్ల ప్రకటనలు చూస్తుంటే ఒకచోట చూపు ఆగిపోతుంది. జపాన్ స్పోర్ట్స్ కారు, నలుగురు కూర్చోవచ్చు, వెనక తలుపులు ఎదురు దిశలో తెరుచుకుంటాయి, ఇంజిన్ 9,000 ఆర్‌పీఎం దాకా తిరుగుతుంది. ఇన్ని ఉండి కూడా ధర చాలాసార్లు అదే వయసున్న కరోలా కంటే తక్కువ. ఆ కారు మాజ్దా ఆర్‌ఎక్స్-8. అమెరికాలో 2004 నుంచి 2011 మోడల్ దాకా అమ్మారు. 2012లో తయారీ ఆగిపోయింది.

భారతదేశంలో మాజ్దా ఈ కారును అమ్మలేదు. వాడిన కార్ల దిగుమతికి మన దగ్గర మూడేళ్ళ వయసు పరిమితి ఉంది కాబట్టి ఇప్పుడు తెప్పించుకునే దారీ లేదు. అందుకే ఇది ప్రధానంగా డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండే తెలుగువాళ్ళకు ఎదురయ్యే ప్రశ్న.

దీని గురించి ఎవరిని అడిగినా రెండు మాటలే వినిపిస్తాయి. "ఇంజిన్ పోయే కారు, జోలికి వెళ్ళొద్దు" అనేవాళ్ళు కొందరు. "చూసుకోవడం తెలియని వాళ్ళే తిడతారు" అనేవాళ్ళు ఇంకొందరు. రెండు మాటలకూ ఆధారాలున్నాయి. నా ఉద్దేశంలో అసలు సంగతి ఈ రెండింటి మధ్యలో ఉంది. ఇంట్లో చేసుకోగల చిన్న పనులు వదిలేస్తే ఇంట్లో చేసుకోలేని పెద్ద పని వచ్చిపడే కారు ఇది. ఆ చిన్నకూ పెద్దకూ లంకె ఎక్కడుందో తెలియాలంటే ముందు ఇంజిన్ సంగతి చూడాలి.

## పిస్టన్ లేని ఇంజిన్

మామూలు ఇంజిన్‌లో పిస్టన్లు పైకీ కిందకీ కదులుతాయి. ఆర్‌ఎక్స్-8లో పిస్టన్లు లేవు. కోడిగుడ్డు ఆకారానికి దగ్గరగా ఉండే గదిలో మూడు మూలల రోటర్ గిరగిరా తిరుగుతుంది. దీన్ని రోటరీ ఇంజిన్ అంటారు. కనిపెట్టిన జర్మన్ ఇంజనీరు ఫెలిక్స్ వాంకెల్ పేరుతో వాంకెల్ ఇంజిన్ అని కూడా అంటారు. మాజ్దా ఈ ఇంజిన్‌ను 1967లో కాస్మో స్పోర్ట్ కారులో పెట్టింది. 1991లో 787బీ అనే రోటరీ కారుతోనే ఫ్రాన్స్‌లో జరిగే 24 గంటల ల మాన్ రేసు గెలిచింది. ఆర్‌ఎక్స్-8లో ఉన్నది 'రెనెసిస్' అనే ఇంజిన్. ఒక్కోటి 654 సీసీ చొప్పున రెండు రోటర్లు, మొత్తం 1,308 సీసీ. ఇంత చిన్న ఇంజిన్‌తో 2004 మాన్యువల్ కారు 238 హార్స్‌పవర్ ఇచ్చేది.

రోటర్‌కు మూడు ముఖాలు. ప్రతి ముఖానికీ గది గోడకూ మధ్య ఉన్న ఖాళీలోనే గాలి, పెట్రోలు నొక్కుకుని మండుతాయి. ఆ ఒత్తిడి పక్క గదిలోకి జారిపోకుండా రోటర్ మూడు మూలల్లోనూ మూడు సన్నని లోహపు పట్టీలుంటాయి. అవి ఎపెక్స్ సీల్స్. రోటర్ రెండు పక్కలా సైడ్ సీల్స్ ఉంటాయి. వాల్వులు లేవు, టైమింగ్ బెల్టు లేదు, అరిగే భాగాలు లెక్కకు తక్కువే. కానీ భారమంతా ఈ సీల్స్ మీదే పడుతుంది. ఇంజిన్ ఆయుష్షు అంటే ఈ సీల్స్ ఆయుష్షే. వేడి పెరిగినా, నూనె చాలకపోయినా, ఎగ్జాస్ట్‌లో అడ్డం వచ్చినా దెబ్బ చివరికి వాటికే తగులుతుంది.

## ఇగ్నిషన్ కాయిల్ నుంచి ఇంజిన్ దాకా

ఈ కారులో నాలుగు స్పార్క్ ప్లగ్గులు, వాటికి మెరుపు కోసం కరెంటు అందించే నాలుగు ఇగ్నిషన్ కాయిల్స్. ఒక్కో రోటర్‌కు రెండు ప్లగ్గులు: కింద ఉండేది లీడింగ్, పైన ఉండేది ట్రెయిలింగ్. ఇవి రెండు రకాలు, ఒకదాని చోట ఇంకొకటి పెట్టకూడదు.

కాయిల్ మీద పడే భారం ఎంతో చిన్న లెక్క చూద్దాం. కాయిల్ ప్లగ్గు మీదే కూర్చునే మామూలు నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లో షాఫ్టు రెండు చుట్లు తిరిగితే ఆ కాయిల్ ఒక్కసారి మెరుపు ఇస్తుంది. రోటరీలో షాఫ్టు ఒక్కో చుట్టుకూ ఒక మెరుపు. 9,000 ఆర్‌పీఎం అంటే సెకనుకు 150 చుట్లు. అంటే రోటరీ కాయిల్ సెకనుకు 150 సార్లు పనిచేయాలి. అదే వేగంతో తిరిగే పిస్టన్ ఇంజిన్‌లో అయితే 75 సార్లు చాలు. పైగా ఈ కాయిల్స్ ఉండేది ఇంజిన్ వేడి తగిలే చోట. అందుకే 30,000 నుంచి 50,000 మైళ్ళ మధ్య వాటిని మార్చడం ఈ కారు ఉన్నవాళ్ళకు అలవాటు.

కాయిల్ ఒక్కసారిగా చచ్చిపోతే మేలే, వెంటనే తెలుస్తుంది. చిక్కేమిటంటే అది మెల్లగా బలహీనపడుతుంది. మైలేజీ కొంచెం తగ్గుతుంది, పై ఆర్‌పీఎంలో లాగడం మందగిస్తుంది, చెక్ ఇంజిన్ లైటు మాత్రం వెలగకపోవచ్చు. మండని పెట్రోలు ఎగ్జాస్ట్‌లోకి వెళ్ళి, పొగను శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్‌లో మండుతుంది. రోటరీ ఎగ్జాస్ట్ అసలే వేడి ఎక్కువ. దానికి ఇది తోడైతే కన్వర్టర్ లోపలి జల్లెడ కరిగి మూసుకుపోతుంది. పొగ బయటకు పోయే దారి లేక వేడి, ఒత్తిడి వెనక్కి తంతాయి. రెనెసిస్‌లో ఎగ్జాస్ట్ దారులు రోటర్ పక్క గోడల్లోనే ఉంటాయి, కాబట్టి ఆ దెబ్బ మొదట తగిలేది సైడ్ సీల్స్‌కు.

కాయిల్, కన్వర్టర్, సీల్స్, ఇంజిన్. ఈ వరుస తెలియనివాళ్ళు కన్వర్టర్ ఒక్కటి మార్చి కాయిల్స్ పాతవే ఉంచుతారు. కొన్నాళ్ళకు కొత్త కన్వర్టరూ అదే దారి పడుతుంది.

కాయిల్స్, ప్లగ్గులు, వాటి తీగలు మార్చడం సొంతంగా చేసుకోదగ్గ పనే. అమెరికా కారులో ప్లగ్గులు డ్రైవర్ వైపు ఉంటాయి. చాలామంది ముందు చక్రం తీసి ఆ సందులోంచి అందుకుంటారు. పొరపాటు జరిగేది తీగల దగ్గర: లీడింగ్, ట్రెయిలింగ్ తారుమారైతే ఇంజిన్ కొట్టుకుంటుంది. పాత తీగను తీసిన వెంటనే కొత్తది పెడుతూ ఒక్కొక్కటిగా మార్చేవాళ్ళకు ఈ బాధ ఉండదు. కారును జాకీ మీదే వదిలేసి కింద చేతులు పెట్టడం మాత్రం ఎవరికీ తగదు, స్టాండ్లు ఉండాల్సిందే.

ఇక్కడ మన వాళ్ళకు ఇంకో చిక్కు. అపార్ట్‌మెంట్ లీజుల్లో చాలావాటిలో పార్కింగ్‌లో కారు రిపేర్లు చేయకూడదని రాసి ఉంటుంది. సొంత గ్యారేజీ ఉన్న స్నేహితుడు లేకపోతే 'ఇంట్లోనే చేసుకుంటాం కదా' అనే లెక్క మొదట్లోనే తప్పుతుంది.

## నూనె తాగడం జబ్బు కాదు

మామూలు కారు నూనె తాగితే ఇంజిన్ అరిగిందని అర్థం. రోటరీ నూనె తాగకపోతేనే భయపడాలి. పాత బజాజ్ స్కూటర్లకు బంకులో పెట్రోలుతో పాటు ఆయిల్ కలిపి పోసిన రోజులు గుర్తున్నవాళ్ళకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఆర్‌ఎక్స్-8లో ఆ పని ఒక పంపు చేస్తుంది. ఇంజిన్ నూనెలోంచే కొద్దికొద్దిగా తీసి ఎపెక్స్ సీల్స్ తడిగా ఉండేలా గదిలోకి చిమ్ముతుంది. ఆ నూనె పెట్రోలుతో పాటే మండిపోతుంది. వెయ్యి నుంచి రెండు వేల మైళ్ళకు ఒక క్వార్ట్ (దాదాపు లీటరు) తగ్గడం మామూలే. రెండుసార్లు పెట్రోలు పోయిస్తే ఒకసారి నూనె చూసుకోవాలన్నది అందుకే. కరోలా అలవాటుతో ఆరు నెలలకోసారి చూసేవాళ్ళ చేతిలో ఈ ఇంజిన్ నూనె లేకుండా తిరుగుతుంది.

వాదన ఎక్కువ జరిగేది ఏ నూనె, ఎంత అన్న దాని మీద. అమెరికా కార్లకు మాజ్దా 5డబ్ల్యూ-20 అనే పల్చటి నూనె చెప్పింది. ఆ మాటే పాటించాలనేవాళ్ళ వాదన ఇదీ: ఇంజిన్ తయారుచేసినవాళ్ళకు తెలియనిది మనకేం తెలుసు, పల్చటి నూనె చలిలో తొందరగా పారుతుంది, నూనె కూడా మండే ఇంజిన్‌లో పల్చనిదే శుభ్రంగా మండుతుంది. ఎదుటి పక్షం ఇదే ఇంజిన్‌కు యూరప్‌లో దానికంటే చిక్కటి 5డబ్ల్యూ-30 చెప్పారని గుర్తుచేస్తుంది. అమెరికాలో మైలేజీ నిబంధనల కోసం పల్చటి నూనె ఎంచుకున్నారని, టెక్సస్ లాంటి వేడి చోట కాస్త చిక్కటిదే బేరింగులకు మంచిదని వాళ్ళ నమ్మకం.

రెండో వాదన పెట్రోలు ట్యాంకులో విడిగా టూ-స్ట్రోక్ ఆయిల్ కలపడం గురించి. దీన్ని ప్రీమిక్స్ అంటారు. మాజ్దా ఇది చేయమని చెప్పలేదు. మసి పెరుగుతుందని, కన్వర్టర్‌కు మంచిది కాదని వద్దనేవాళ్ళు అంటారు. కావాలనేవాళ్ళ దగ్గర ఒక గట్టి ఆధారం ఉంది. 2008 దాకా వచ్చిన కార్లలో ఒక్కో రోటర్‌కు నూనె చిమ్మే నాజిల్స్ రెండే, అవీ అంచుల వైపు ఉండేవి. 2009లో మార్పులతో వచ్చిన కారులో మాజ్దాయే మధ్యలో మూడో నాజిల్ పెట్టింది, పంపులనూ మార్చింది. అంటే సీల్ మధ్య భాగానికి ముందు నూనె సరిగ్గా అందలేదని కంపెనీ చేతలే చెబుతున్నాయని వాళ్ళ మాట. ఆ మార్పు చూశాక నాకూ 2009కి ముందరి కార్ల వరకు వాళ్ళ వాదనే బలంగా కనిపిస్తుంది. అయితే ఇది అరుగుదల తగ్గించడానికి మాత్రమే. అరిగిపోయిన సీల్‌ను ఏ నూనే బాగుచేయదు. సీసాలో అద్భుతం అమ్మేవాళ్ళ మాటలు పట్టించుకోనక్కర్లేదు.

నూనె సొంతంగా మార్చుకునేవాళ్ళు తెలుసుకోవాల్సిన విషయం ఇంకొకటి ఉంది. మాన్యువల్ కారుకు ముందు రెండు ఆయిల్ కూలర్లుంటాయి. కింద బోల్టు విప్పినప్పుడు వాటిలోని నూనె దిగదు. పుస్తకంలో ఉన్న మొత్తం కొలత చూసి అంతా పోసేస్తే ఎక్కువైపోతుంది.

## కారును ముందుకు జరిపి ఆపేస్తే స్టార్ట్ కాకపోవడం

ఉదయం కారు తీసి, పక్క కారుకు దారి ఇవ్వడానికి పది అడుగులు జరిపి, వెంటనే ఆపేస్తారు. సాయంత్రం తాళం తిప్పితే ఇంజిన్ తిరుగుతుంది కానీ అందుకోదు. దీన్ని ఫ్లడింగ్ అంటారు. చల్లటి ఇంజిన్‌కు కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ ఇస్తుంది. వేడెక్కేలోపే ఆపేస్తే మిగిలిన పెట్రోలు ప్లగ్గులను తడిపేస్తుంది, సీల్స్ మీది నూనె పొరను కడిగేస్తుంది. నూనె పొర లేకపోతే ఒత్తిడి నిలవదు, ఒత్తిడి లేకపోతే ఇంజిన్ అందుకోదు.

విరుగుడు కారులోనే పెట్టారు. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి స్టార్టర్ తిప్పితే కంప్యూటర్ పెట్రోలు ఆపేస్తుంది, గాలి మాత్రమే లోపలికి వెళ్ళి తడి ఆరుతుంది. కొత్త ప్లగ్గులు, బలమైన బ్యాటరీ ఉన్న కారు ఇలా చాలాసార్లు లేచి కూర్చుంటుంది. మాటిమాటికీ ఫ్లడ్ అవుతోందంటే మాత్రం కాయిల్స్ బలహీనపడి ఉండాలి, లేదా కంప్రెషన్ (గదిలో నిలిచే ఒత్తిడి) తగ్గి ఉండాలి. వేడిగా ఉన్నప్పుడు, పెట్రోలు బంకులో ఆపిన పది నిమిషాలకు స్టార్ట్ కావడానికి మొరాయిస్తే అది కంప్రెషన్ తగ్గిన ఇంజిన్‌కు బాగా తెలిసిన లక్షణం. అందుకే కొనేముందు కారును బాగా తిప్పి, ఆపి, కాసేపాగి మళ్ళీ స్టార్ట్ చేసి చూడాలి. అమ్మేవాళ్ళు చల్లటి ఇంజిన్‌తోనే చూపించి పంపేయాలని చూస్తే అనుమానించడంలో తప్పు లేదు.

## డాష్‌బోర్డు చెప్పని సంగతులు

ఈ కారు మీద నాకు నిజంగా కోపం తెప్పించేది మీటర్ల వ్యవహారం. తొలి కార్లలో ఆయిల్ ప్రెషర్ మీటరు ముల్లు అసలు ఒత్తిడిని చూపదు. వెనకున్నది ఉందా లేదా అని మాత్రమే చెప్పే స్విచ్చు. వేడి చూపే ముల్లు కూడా చాలా దూరం మధ్యలోనే కదలకుండా నిలబడి, అది పైకి లేచేసరికి ఆలస్యం అయిపోతుంది. రోటరీకి వేడెక్కడం పిస్టన్ ఇంజిన్ కంటే ప్రమాదకరం. పొరలు పొరలుగా బిగించిన ఇంజిన్ ఇది. ఆ పొరల మధ్య ఉన్న కూలెంట్ సీల్స్ ఒకసారి వేడికి పాడైతే ఇంజిన్ మొత్తం విప్పాల్సిందే. అందుకే చాలామంది కారు కంప్యూటర్ సమాచారం చదివే ఓబీడీ రీడర్ పెట్టుకుని అసలు ఉష్ణోగ్రతను అంకెల్లో చూస్తారు. ఇంకోవైపు కూలెంట్ తక్కువైందని వెలిగే లైటు, ట్యాంకులోని సెన్సర్ పాడై ఉత్తినే వెలుగుతుంటుంది. దానికి అలవాటుపడి పట్టించుకోవడం మానేస్తే నిజంగా కూలెంట్ కారినరోజు తెలియదు.

## కంప్రెషన్ కాగితం ఎలా చదవాలి

రోటర్ ఒక్కో ముఖం ఎంత ఒత్తిడి నిలుపుతోందో కొలిచి రాసిచ్చే రిపోర్టు ఇది. ఈ కారు కొనడంలో అన్నిటికంటే ముఖ్యమైన కాగితం ఇదే. మూడు ముఖాల రెండు రోటర్లు కాబట్టి ఆరు అంకెలు కావాలి. షాపుల్లో దొరికే మామూలు పిస్టన్ గేజితో అవి రావు. రోటరీ కోసం చేసిన టెస్టర్ ఉండాలి. మాజ్దా ప్రకారం 250 ఆర్‌పీఎం దగ్గర మంచి ఇంజిన్‌కు 830 కిలోపాస్కల్స్ రావాలి, 680కి తగ్గకూడదు. ఒకే రోటర్ ముఖాల మధ్య తేడా 150, రెండు రోటర్ల మధ్య తేడా 100 దాటకూడదు.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. ముందు రోటర్: 750, 740, 750. వెనక రోటర్: 700, 560, 540. ముందుది కొత్తగా లేకపోయినా ఆరోగ్యంగా ఉంది. వెనకదానిలో రెండు ముఖాలు హద్దు కిందకు పోయాయి, తేడా 160 వచ్చింది. ఈ ఇంజిన్ ఫెయిల్. రెండు ముఖాలు కలిసి ఎందుకు తగ్గాయి? ప్రతి ఎపెక్స్ సీల్ రెండు గదుల మధ్య గోడలా నిలబడుతుంది. అది పాడైతే అటూ ఇటూ ఉన్న రెండు ముఖాలూ ఒత్తిడి కోల్పోతాయి. ఒక్క ముఖమే తగ్గి మిగతా రెండూ బాగుంటే సైడ్ సీల్ మీద అనుమానం పోతుంది.

ఇదే వెనక రోటర్‌ను మామూలు గేజితో కొలిస్తే అది అత్యధిక అంకెను పట్టి ఉంచుతుంది కాబట్టి 700 చూపిస్తుంది. 680 కంటే ఎక్కువే కదా అని కొనేస్తారు. "మా మెకానిక్ చూశాడు, కంప్రెషన్ బాగుంది" అన్న మాటలో ఇలాంటి పొరపాటు దాగి ఉండొచ్చు.

స్టార్టర్ వేగం కూడా చూడాలి. నీరసపడ్డ బ్యాటరీతో 200 ఆర్‌పీఎం దగ్గర కొలిస్తే మంచి ఇంజిన్ కూడా తక్కువ చూపుతుంది. 250కి సరిదిద్దిన అంకెలు కాగితంలో ఉన్నాయో లేదో అడగాలి.

## చవక కారు, ఖరీదైన కారు: ఏది చవక?

ఊహించిన అంకెలతోనే లెక్క వేద్దాం. మొదటి కారు 6,500 డాలర్లు, కంప్రెషన్ కాగితం బాగుంది. కాయిల్స్, ప్లగ్గులు, నూనెలకు సొంతంగా 500 పెట్టారు. మొత్తం 7,000. రెండో కారు 2,500 డాలర్లు, "కొంచెం స్టార్టింగ్ ప్రాబ్లం" అన్నారు. ఇంజిన్ విప్పి, సీల్స్ మార్చి, మళ్ళీ బిగించే రీబిల్డుకు 5,500, కన్వర్టర్, కాయిల్స్, మిగతావాటికి 1,500. మొత్తం 9,500.

రెండో కారు పక్షాన కూడా ఒక న్యాయమైన మాట ఉంది. రీబిల్డు నమ్మకమైన చోట జరిగితే ఆ కారుకు ఇప్పుడున్నది దాదాపు కొత్త ఇంజిన్. మొదటి కారు నాలుగేళ్ళకు అదే ఖర్చు అడగొచ్చు. కారును పదేళ్ళు ఉంచుకోవాలనుకునేవాళ్ళకు రెండో దారి తప్పు కాదు. రెండేళ్ళలో అమ్మేసేవాళ్ళకు మాత్రం అది నష్టమే.

రీబిల్డు కూడా సొంతంగా చేయవచ్చా? చేసేవాళ్ళు ఉన్నారు. ఫ్లైవీల్ నట్టు ఒక్కటే 54 మిల్లీమీటర్లు, దాన్ని విప్పడానికే ప్రత్యేక పనిముట్టు కావాలి. సీల్స్ సందులు మిల్లీమీటరులో వందో వంతుల లెక్కలో కొలవాలి. హౌసింగ్ (రోటర్ తిరిగే గది) లోపలి పూత లేచిపోయి ఉంటే కొత్త సీల్స్ వేసినా నిలవవు, ఆ సంగతి విప్పాక గానీ తెలియదు. మొదటిసారి చేసేవాళ్ళు ఇంకో కారు చేతిలో ఉంచుకుని మొదలుపెట్టడం మేలు.

రోజువారీ ఖర్చు మాటకొస్తే, 2004 మాన్యువల్ కారుకు అమెరికా ప్రభుత్వ సంస్థ ఈపీఏ లెక్క గ్యాలనుకు 18 మైళ్ళు, అంటే లీటరుకు సుమారు 7.7 కిలోమీటర్లు. ఏడాదికి 12,000 మైళ్ళు తిరిగితే 667 గ్యాలన్లు. 30 మైళ్ళు ఇచ్చే కారుకు 400 చాలు. ఈ కారుకు పోసే ప్రీమియం పెట్రోలు గ్యాలను 4 డాలర్లు, ఆ కారుకు పోసే మామూలుది 3.25 అనుకుంటే ఏడాదికి దాదాపు 1,370 డాలర్లు అదనం. పోయిన ఇంజిన్ గురించి అందరూ మాట్లాడతారు, ఇది ఎవరికీ గుర్తుండదు.

## కాగితాల పని

2004 నుంచి 2008 మోడళ్ళకు రోటర్ల భాగం వరకు వారంటీని మాజ్దా 8 ఏళ్ళు లేదా 100,000 మైళ్ళకు పొడిగించింది. ఆ గడువు ఎప్పుడో అయిపోయింది. కానీ ఆ రోజుల్లో చాలా కార్లకు ఇంజిన్లు మార్చారు. ఓడోమీటర్ మీద 110,000 మైళ్ళున్న కారులో 40,000 మైళ్ళు తిరిగిన ఇంజిన్ ఉండవచ్చు. సర్వీసు రికార్డులు అడిగేది అందుకే.

టకాటా ఎయిర్‌బ్యాగుల రీకాల్‌లో ఈ కారు ఉంది. అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్ఏ వెబ్‌సైట్‌లో కారు విన్ (గుర్తింపు) నంబరు కొడితే పని మిగిలి ఉందో లేదో తెలుస్తుంది. డీలరు దగ్గర ఉచితంగా మారుస్తారు. ఇంజిన్ హడావుడిలో దీన్ని మరిచిపోతే ప్రాణం మీదికే రావచ్చు.

ఇక పొల్యూషన్ పరీక్ష. టెక్సస్‌లో వ్యక్తిగత కార్లకు సేఫ్టీ తనిఖీ 2025లో తీసేశారు. కానీ డాలస్, కాలిన్, హారిస్ లాంటి కౌంటీల్లో ఎమిషన్ పరీక్ష ఇంకా ఉంది. కన్వర్టర్ తీసేసి ఖాళీ గొట్టం పెట్టిన కారు చవగ్గా దొరుకుతుంది, చప్పుడు బాగుంటుంది. కానీ రోడ్డు మీద తిరిగే కారుకు అది ఫెడరల్ చట్టానికి విరుద్ధం, పరీక్షలోనూ నెగ్గదు. కాలిఫోర్నియాలో అయితే బయటి కంపెనీ కన్వర్టర్‌కు ఆ రాష్ట్రపు అనుమతి నంబరు ఉండాలి.

చెక్ ఇంజిన్ లైటు వెలగడం లేదు కదా అని నిశ్చింతగా ఉండకూడదు. ఓబీడీ రీడర్ పెట్టి చూసినప్పుడు మానిటర్లు (కారు తనంతట తానే చేసుకునే పొల్యూషన్ పరీక్షలు) చాలావరకు 'నాట్ రెడీ' అని కనిపిస్తే ఈమధ్యే బ్యాటరీ తీసి ఉండాలి, లేదా ఎర్రర్ కోడ్‌లు చెరిపేసి ఉండాలి. అలాంటప్పుడు కొన్ని రోజులు తిప్పాక మళ్ళీ చూస్తామని అమ్మేవాళ్ళను అడగవచ్చు. వాళ్ళు ఒప్పుకుంటే రెండోసారి వెళ్ళినప్పుడు రీడర్‌తో పాటు ఆ కంప్రెషన్ కాగితం సంగతి కూడా తేల్చుకోవాలి.